పిల్లిమొగ్గకు ఇంగ్లిష్ ఏమిటి? దొర్లే మాటలు నేర్చుకునే పద్ధతి

ఇరవై ఏళ్ల కిందట, ప్రొద్దుటూరులో ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె 'సోమర్‌సాల్ట్' అనే మాట దగ్గర ఆగింది. "సార్, పిల్లిమొగ్గకూ ఎండాకాలానికీ ఉప్పుకూ ఏం సంబంధం?" అని అడిగింది. నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. "సమ్మర్ సెలవుల్లో పిల్లలు మొగ్గలు వేస్తారు, చెమట పడుతుంది, చెమట ఉప్పగా ఉంటుంది కదమ్మా" అనేశాను. క్లాసంతా బుద్ధిగా రాసుకున్నారు. ఆ రాత్రే నిఘంటువు తీసి చూస్తే, అక్కడ ఎండా లేదు, ఉప్పూ లేదు. ఆ వాక్యాన్ని పిల్లల నోటుబుక్కుల్లో కొట్టేయించడానికి ధైర్యం చాలక ఇంకో వారం నెట్టుకొచ్చాను.

కింద చెప్పే పద్ధతి ఆ సిగ్గులోంచి పుట్టిందే. దొర్లడం, పొర్లడం, పల్టీ కొట్టడం, ఒరిగి పడటం లాంటి వాటికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటల్ని ఎలా నేర్చుకోవాలో, పిల్లలకు ఎలా చెప్పాలో వరసగా రాస్తున్నాను. కావలసిన సామాను పెద్దగా లేదు: ఒక టెంకాయ, ఒక స్టీలు గ్లాసు, నాలుగు పుస్తకాలు, ఒక నోటుబుక్కు. మొగ్గలు వేసే పిల్లాడు దొరికితే మరీ మంచిది. మా వీధిలో అడక్కుండానే దొరుకుతారు.

మొదట నేల మీద చూడండి

నిఘంటువు ముందే తెరవొద్దు. మా ఇళ్లలో చాలావరకు కడప బండ పరిచి ఉంటుంది, నున్నగా. ఆ బండల మీద టెంకాయను నెమ్మదిగా తోయండి. తిరుగుతుంది, సాగుతుంది, కొంచెం వంకర పోతుంది, కానీ నేలను మాత్రం వదలదు. ఇది రోల్. బంతి, సీసా, పెన్సిలు, లారీ టైరు అన్నీ రోల్ అవుతాయి. మనిషి పక్క మీద అటు నుంచి ఇటు దొర్లినా రోలే.

ఇప్పుడు గ్లాసును మూడు మెట్ల పైనుంచి వదలండి. (వంటింట్లో వాళ్లకు ముందే చెప్పి వదలండి.) మెట్టు మెట్టుకూ తగులుతుంది, ఎగురుతుంది, ఒకసారి మూతి కిందికి, ఒకసారి అడుగు కిందికి. ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇది టంబుల్. నేలను వదలడం, అదుపు తప్పడం, ఈ రెండూ ఉంటేనే టంబుల్.

నాలుగు పుస్తకాల్ని ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చి పైదాన్ని వేలితో తోయండి. ఒరిగి కూలుతుంది. అది టాపుల్. నిలబడి ఉన్నది, పొడుగ్గా ఉన్నది మాత్రమే టాపుల్ అవుతుంది. టెంకాయ ఎంత ప్రయత్నించినా టాపుల్ కాలేదు, ఎందుకంటే దానికి పైనా కిందా లేవు. ప్రభుత్వం కూలినప్పుడు ఇంగ్లిష్ పేపర్లు ఈ మాట వాడటం ఇందుకే; కుర్చీ ఎత్తులో ఉంటుంది కదా.

ఇక పిల్లాడి వంతు. తల కిందికి పెట్టి, కాళ్లు పైనుంచి తిప్పి, మళ్లీ కాళ్ల మీదికి వస్తే సోమర్‌సాల్ట్. పక్కకు తిరిగి, ఒక చేయి, ఇంకో చేయి, ఒక కాలు, ఇంకో కాలు వరసగా నేలకు ఆనిస్తూ పోతే కార్ట్‌వీల్. కార్ట్ అంటే బండి, వీల్ అంటే చక్రం. చేతులూ కాళ్లూ బండి చక్రం ఆకుల్లా కనిపిస్తాయని ఆ పేరు. ఎద్దులబండి చక్రం చూసిన పిల్లాడికి ఈ మాట ఒక్కసారి చెబితే చాలు. ఈ కాలం పిల్లలకైతే చక్రం ఆకులంటే ఏమిటో ముందు చెప్పాల్సి వస్తోంది, అది వేరే కథ.

ప్రతి మాటకూ మూడు ప్రశ్నలు వేసుకోండి: నేలను వదిలిందా? అదుపులో ఉందా? కావాలని చేసిందా? జవాబులు నోటుబుక్కులో రాయండి. అర్థాలు రాయొద్దు. 'టంబుల్ = దొర్లు' అని రాసుకున్న పిల్లాడు రేపు బంతి కూడా టంబుల్ అయిందని రాస్తాడు.

తర్వాత తెలుగు మాటను సరిగ్గా పట్టుకోండి

ఇంగ్లిష్‌లో తప్పులు రావడానికి సగం కారణం, మన తెలుగు మాటను మనమే సరిగ్గా చూడకపోవడం. దొర్లడం వేరు, పొర్లడం వేరు. టెంకాయ దొర్లుతుంది, పొర్లదు. ఎనుము కుంటలో పొర్లుతుంది, దొర్లదు. పొర్లడంలో ఒళ్లంతా దేనికో అంటుకుంటూ తిరగడం ఉంది: బురదకో, మట్టికో, పరుపుకో. గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టేవాళ్లు తడిబట్టలతో నేలంతా ఒంటికి అంటేలా తిరుగుతారు. దొర్లుదండం అని ఎవరైనా అంటే నవ్వుతాం.

ఇంగ్లిష్‌లో ఎనుము పొర్లే పొర్లుకు విడిగా మాటుంది: వాలో. బురదలో, నీళ్లలో సుఖంగా పొర్లడం. మనుషులకు వాడితే మాత్రం ఎగతాళి ఉంటుంది, తన బాధలో తానే పొర్లుతూ బయటికి రానివాడిని అలా అంటారు. పొర్లుదండానికి మాత్రం ఒక్క మాటలో ఇంగ్లిష్ లేదు. గుడి చుట్టూ నేల మీద రోల్ అవుతూ ప్రదక్షిణ చేస్తారని విడమరిచి చెప్పాల్సిందే. అక్కడ వాలో వాడారో, భక్తుడిని బురదలో దింపినట్టే.

ఈ తేడాలు చూడటానికి మనకు జిల్లాలోనే దారి ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు, పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు సేకరించి పరిష్కరించాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. 1850ల్లో అచ్చయిన ఆయన నిఘంటువు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 'దొర్లు', 'పొర్లు' తీసి, పక్కన ఆయన ఏ ఇంగ్లిష్ మాటలు పెట్టాడో చూడండి. దొరక్కపోతే దొరలు, పొరలు అని వెతకండి, పాత రూపాల కింద ఉంటాయి.

ఇప్పుడు చక్రం వెంట పడండి

ఈ మెట్టు దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. పిల్లలు కూడా ఇక్కడే కదలకుండా వింటారు.

రోల్ అనే మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఫ్రెంచికి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో రోటా అంటే చక్రం, రోటులా అంటే చిన్న చక్రం. రొటేట్, రోటరీ, రౌండ్ అన్నీ ఆ ఇంటివే. ఆ రోటాకు సంస్కృతంలో తోబుట్టువు ఉంది: రథం. ఇది చెవికి ఒకేలా వినిపించడం వల్ల కట్టిన కథ అనుకోకండి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంలోంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన తర్వాత, పండితులు వందేళ్లకు పైగా శబ్దం శబ్దం పోల్చి తేల్చిన చుట్టరికాల్లో ఇదొకటి. కదిరిలో నరసింహస్వామి రథం కదిలేటప్పుడు మోకులు పట్టుకున్నవాళ్లకు రోల్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుళ్లో రాతి రథం ఉంది. చక్రాలూ రాతివే, పాపం అది రోల్ కాదు.

చక్రానికి కూడా ఇంగ్లిష్‌లో తోబుట్టువులున్నాయి. వీల్, సైకిల్. మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయి: వీల్ పాత ఇంగ్లిష్ దారిలో, సైకిల్ గ్రీకు దారిలో, చక్రం సంస్కృతం దారిలో. సైకిల్ చక్రం అన్నామంటే చక్రం చక్రం అన్నట్టే.

ఇప్పుడు రోల్ నంబర్ దగ్గరికి రండి. ప్రతి పిల్లాడికీ ఒక రోల్ నంబర్ ఉంటుంది. అందులో రోల్ ఎందుకుంది? యూరప్‌లో పాతకాలంలో లెక్కలూ పేర్లూ గొర్రెతోలు పత్రాల మీద రాసి, ఒకదానికొకటి కుట్టి, చుట్ట చుట్టి పెట్టేవాళ్లు. ఆ చుట్టే రోల్. చుట్టలో నీ పేరు ఎన్నోదో అదే నీ రోల్ నంబర్. ఎన్‌రోల్ అంటే చుట్టలోకి ఎక్కించడం. మన దగ్గర తాటాకులు చుడితే విరుగుతాయి, కాబట్టి పేర్చి తాడుతో కట్టేవాళ్లు. అందుకే మనకు పత్రం, ఆకు మాటలయ్యాయి, వాళ్లకు చుట్ట మాటయింది.

అనంతపురం జిల్లా వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టిక. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆనాటి నుంచి "మస్టర్లో పేరుందా?" అన్న మాట ఊరూరా తెలుసు. మస్టర్ అనేది చూపించడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మనిషి ఎదుటికొచ్చి కనిపిస్తే చుట్టలో పేరు పడుతుంది. గడ్డపార పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషికి, ఎక్కడో గొర్రెతోలు చుట్టకు ఇలా లంకె పడింది.

కంట్రోల్ కూడా అంతే. పాత లాటిన్‌లో కాంట్రా అంటే ఎదురు, రోటులస్ అంటే చుట్ట. లెక్క రాసే గుమాస్తా దగ్గర ఒక చుట్ట, అతను మోసం చేయకుండా సరిచూసేవాడి దగ్గర దాని నకలుగా ఇంకో చుట్ట. ఆ ఎదురు చుట్టే కంట్రోల్. రేషన్ అంగడిని పాతవాళ్లు కంట్రోల్ షాపు అనేవాళ్లు గుర్తుందా? అక్కడ కూడా అంతే, డీలరు దగ్గర ఒక లెక్క, మన కార్డు మీద ఒక లెక్క. పేరు పెట్టినవాళ్లకు తెలిసి పెట్టలేదు గానీ అచ్చంగా కుదిరింది.

ఇక సినిమా రోల్. నటుడి వంతు మాటల్ని కాగితపు చుట్ట మీద రాసి ఇచ్చేవాళ్లు, ఆ చుట్ట పేరే ఫ్రెంచిలో పాత్రకు పేరయింది. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ వేరుగా ఉండటంతో ఇవి రెండు మాటలని పిల్లలు బట్టీపడతారు. మన లిపిలో రెండూ రోలే! ఇంగ్లిష్ వాళ్లు విడదీసిన అన్నదమ్ముల్ని తెలుగు లిపి తెలియకుండానే కలిపింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం వాళ్లు కుటుంబాలకు కుటుంబాలే స్టేజీ మీద పాత్రలు పంచుకున్నారు. పాత్రల జాబితా అంటే, పాత అర్థంలో, ఎవరి చుట్ట ఎవరిదో చెప్పడమే.

మా ఊళ్లో బంగారం అంగళ్లు ఎక్కువ కాబట్టి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: రోల్డ్ గోల్డ్‌లో దొర్లేదేమిటి? బంగారమే. పలచని బంగారు రేకును ఇత్తడి లాంటి లోహం మీద అతికించి, రోలర్ల మధ్య నొక్కి ఇంకా పలచన చేస్తారు. రోలర్ల కిందికి వెళ్లి వచ్చింది కాబట్టి రోల్డ్. పూత పూసిన నగలను కూడా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తున్నారు, కొనేటప్పుడు చూసుకోండి.

ఇన్ని చెప్పాక, వంటింట్లోకి తీసుకుపోయి గ్యాస్ సిలిండర్ చూపించండి. సిలిండర్ తెచ్చే అబ్బాయి భుజం మీది నుంచి దించాక ఏం చేస్తాడో గమనించారా? నిలువుగా ఎత్తుకుని నడవడు. కొంచెం వాల్చి, పైన ఉన్న పిడిని పట్టుకుని, అడుగు అంచు మీద గిరగిరా తిప్పుకుంటూ లోపలికి తెస్తాడు. బండల మీద గరగరమని చప్పుడు. లోపల 14.2 కిలోల గ్యాసు, ఆపైన ఇనుము బరువు, అయినా ఒంటి చేత్తో వచ్చేస్తుంది. గ్రీకులో దొర్లించడాన్ని కిలిండీన్ అంటారు. దొర్లేది కిలిండ్రోస్, అంటే రోలర్. అదే సిలిండర్ అయింది. ఆ అబ్బాయి ప్రతిసారీ గ్రీకు క్రియను చేసి చూపిస్తున్నాడు. నేను ఒకసారి అతనికి ఈ సంగతి చెప్పాను. "అట్నా సార్, ఆధార్ ఇస్తారా" అన్నాడు.

రాత్రి బస్సు పేరు చదవండి

హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం మీదుగానే పోతుంది. రాత్రి పది దాటాక ఆ దారిలో నిలబడితే వోల్వో బస్సులు వరస కడతాయి. వోల్వో అనేది స్వీడన్ మాట అనుకుంటారు అందరూ. కంపెనీ స్వీడన్‌దే, మాట మాత్రం లాటిన్: "నేను దొర్లుతాను." ఎస్‌కెఎఫ్ అనే బేరింగుల కంపెనీ 1915లో ఆ పేరును రిజిస్టర్ చేయించింది. బేరింగులో గుళ్లు దొర్లుతాయి కదా, పేరు అతికినట్టు సరిపోయింది. ఆ పేరుతో కార్లు 1927లో వచ్చాయి.

ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే ఒక కుటుంబం మొత్తం చేతికొస్తుంది. రివాల్వ్ అంటే తిరిగి తిరిగి రావడం; రివాల్వర్‌లో గుళ్లుండే డబ్బా అలా తిరుగుతుంది, ఆ డబ్బాను మళ్లీ సిలిండరే అంటారు. ఎవాల్వ్ అంటే చుట్ట విప్పుకోవడం. ఇన్వాల్వ్ అంటే లోపలికి చుట్టేయడం. దీనికి ఉదాహరణ కోసం నిఘంటువు వెతకనక్కర్లేదు, "ఆ కేసు వీడికి కూడా చుట్టుకుంది" అని మనవాళ్లు రోజూ అంటున్నదే. వాల్యూమ్ అంటే మొదట పుస్తకపు చుట్ట. చుట్ట నుంచి పుస్తకం, పుస్తకం లావు నుంచి పరిమాణం, పరిమాణం నుంచి శబ్దం ఎంత అనేది. "టీవీ వాల్యూమ్ తగ్గించరా" అని అరిచేటప్పుడు మీరు రోమన్ల పుస్తకాన్ని తగ్గించమంటున్నారు.

ముందు చెప్పిన ఎనుము గుర్తుందా? వాలో అనే మాట కూడా ఈ కుటుంబానిదే. లాటిన్ గుండా రాలేదు, పాత ఇంగ్లిష్ నుంచి నేరుగా వచ్చింది, కానీ వేరు ఒకటే. వాల్ట్జ్ అనే జంట నాట్యం పేరు జర్మన్‌లో తిరగడం, దొర్లడం అనే క్రియ నుంచి వచ్చింది. అదే క్రియతో జర్మన్లు ఇనుప రేకులు సాగదీసే రోలింగ్ మిల్లుకూ పేరు పెట్టుకున్నారు. కుంటలో ఎనుము, వీధిలో వోల్వో, హాల్లో నాట్యం. నోటుబుక్కులో ఈ మూడింటినీ ఒకే పేజీలో రాయండి.

గ్లాసు అడుగు చూడండి

టంబుల్‌కు చక్రంతో సంబంధం లేదు. పాత ఇంగ్లిష్‌లో టుంబియన్ అంటే గంతులేయడం, నాట్యం చేయడం, మొగ్గలు వేయడం. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్ బైబిల్ సువార్తల్లో, హేరోదు రాజు విందులో హేరోదియ కూతురు నాట్యం చేసిందన్న చోట ఈ క్రియే వాడారు. ఫ్రాన్స్‌లోని రూవాన్ పెద్ద చర్చి ద్వారం మీద 13వ శతాబ్దపు శిల్పంలో ఆమె చేతుల మీద నిలబడి, కాళ్లు పైకి లేపి కనిపిస్తుంది. అంటే మొదట టంబుల్ అదుపు తప్పడం కాదు, గొప్ప అదుపు. గడసాము చేసేవాళ్ల ఒడుపు. తర్వాత్తర్వాత అదే మాట చేతకాక పడిపోవడానికి దిగింది. అర్థమే పల్టీ కొట్టింది.

టంబ్లర్ అంటే మొదట మొగ్గలు వేసే మనిషి, ఆకాశంలో పల్టీలు కొట్టే పావురం కూడా. 17వ శతాబ్దంలో ఒక రకం తాగే గ్లాసుకు ఆ పేరు పడింది. ఇప్పుడు మీ స్టీలు గ్లాసును తిరగేసి అడుగు చూడండి, బల్లపరుపుగా ఉంటుంది. ఆనాటి టంబ్లర్ అడుగు గుండ్రంగానో మొనగానో ఉండేది. కింద పెడితే ఒరిగిపోతుంది, కాబట్టి ఖాళీ అయ్యేదాకా చేతిలోనే ఉండాలి. చుట్టకుదురు లేకుండా నేల మీద పెట్టిన కుండను ఊహించుకోండి, అదే. ఇప్పుడు అడుగు చదునైంది, పేరు మాత్రం ఒరుగుతూనే ఉంది.

టంబుల్ చివర ఉన్న 'ల్' కూడా ఊరికే లేదు. మళ్లీ మళ్లీ, చిన్న చిన్నగా జరిగే పనులకు ఇంగ్లిష్ ఆ తోక తగిలిస్తుంది. క్రాక్ అంటే ఒకసారి పగలడం, క్రాకుల్ అంటే చిటపటలాడటం. స్పార్క్ ఒక నిప్పురవ్వ, స్పార్కుల్ మిలమిలలాడటం. మనం ఇదే పనిని జంట మాటలతో చేస్తాం: చిటపట, మిలమిల, గిరగిర. టాపుల్‌లో ఉన్నది కూడా ఆ తోకే. ముందున్నది టాప్, అంటే పైభాగం. పైబరువు ఎక్కువై ఒరగడం. పిల్లలకు ఈ తోక చూపించాక, ఇంగ్లిష్ కథల్లో ఇలాంటి మాటలు వెతకమనండి, దొంగను పట్టుకున్నంత ఆనందంగా తెస్తారు. కానీ ఆపుల్, టేబుల్ కూడా తెస్తారు, సిద్ధంగా ఉండండి. వాటిది ఈ తోక కాదు. ట్రండుల్ తెచ్చినా జాగ్రత్త. చక్రాల మీద బరువుగా దొర్లడం దాని అర్థం, కానీ అది వలయం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి, చివరి 'ల్'తో సహా అలాగే వచ్చింది. దాని తోబుట్టువు ట్రెండ్. అసలు అర్థం తిరగడం, దొర్లడం. తర్వాత నదీ, తీరమూ ఎటు మళ్లితే అది. ఇప్పుడు ఫోన్లో రీల్ ఏది దొర్లుతుంటే అది.

చెవిని నమ్మొద్దు

సోమర్‌సాల్ట్ అసలు సంగతి ఇది. దక్షిణ ఫ్రాన్స్ ప్రోవెన్సాల్ భాషలో సోబ్రె అంటే పైన, సాట్ అంటే దూకు. పైనుంచి దూకడం, అంతే. ఫ్రెంచి నోట్లో నలిగి, ఇంగ్లిష్ వాళ్ల చెవిలో తమకు తెలిసిన మాటల్లా వినిపించి ఈ రూపం తేలింది. నేను చేసిన తప్పే ఇంగ్లిష్ వాళ్లూ చేశారన్నమాట. నాకు కొంచెం ఊరట. సాల్ట్ అనే దూకుడు మరి కొన్నింట్లోనూ ఉంది. అసాల్ట్ అంటే మీదికి దూకడం, ఇన్సల్ట్ కూడా మొదట అదే, రిజల్ట్ అంటే వెనక్కి దూకి రావడం. పదో తరగతి రిజల్ట్స్ రోజు మా ఇంటి ముందు చూస్తే ఈ మూడూ ఒకేచోట కనిపిస్తాయి.

మనవైపు నుంచి ఉచ్చు రోలు. రోల్, రోలు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఒకటేనని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అంటారు. రోలు అచ్చమైన మన మాట, అది కదలకుండా కూర్చోవడమే దాని పని. దొర్లే రోలులో పచ్చడి నూరలేం. అందుకే కొత్త మాట కనిపించినప్పుడల్లా నిఘంటువులో మాట పుట్టుక చెప్పే భాగం చూడండి. ఫోన్లోనే దొరుకుతుంది, ఒక నిమిషం పని. అక్కడ లేని కథ ఎంత బాగున్నా నోటుబుక్కులోకి రానివ్వొద్దు.

వాక్యంలో పెట్టేముందు

మాట తెలిసినా వాక్యంలో జారిపోతాం. ఎక్కువగా జారేచోట్లు కొన్ని చెబుతాను.

పత్తికొండలో టమాటా ధర పడిపోయిందంటే టంబుల్ వాడొచ్చు. ధర గబగబా, అదుపు లేకుండా దిగింది కాబట్టి. రోజుకు రూపాయి చొప్పున నెమ్మదిగా తగ్గితే టంబుల్ కాదు. వికెట్లు వరసగా పడినా టంబులే.

లారీ బోల్తా పడితే టంబుల్ రాయొద్దు, ఓవర్‌టర్న్ చాలు. మన ఇంగ్లిష్ పేపర్లు ఇష్టంగా రాసే 'టర్న్ టర్టుల్' కూడా సరైనదే. తాబేలును వెల్లకిలా తిప్పితే కదల్లేదని నావికులకు తెలుసు, అందులోంచి పుట్టింది. ఘాట్‌లో లారీ పల్టీలు కొడుతూ లోయలోకి పోతే మాత్రం టంబుల్ సరిపోతుంది.

"పుస్తకంలో తప్పులు దొర్లాయి" అన్నదాన్ని రోల్‌తో రాస్తే ఇంగ్లిష్ వాడికి అర్థం కాదు. వాళ్ల తప్పులు దొర్లవు, పాకుతాయి. క్రీప్ అనే మాట వాడాలి. కాలం దొర్లిపోవడానికి మాత్రం రోల్ బాగా నప్పుతుంది, ఏళ్లు వాళ్లకూ దొర్లుతాయి. డబ్బులో పొర్లేవాడు కూడా రెండు భాషల్లోనూ పొర్లుతాడు, అక్కడ రోల్ వాడితే చాలు.

'హెడ్ ఓవర్ హీల్స్' అని తలకిందులు కావడానికి ఒక మాటుంది. ఆలోచించండి: తల మడమల పైన ఉంటే మనిషి మామూలుగా నిలబడ్డట్టే కదా! పాతకాలంలో 'హీల్స్ ఓవర్ హెడ్' అనేవాళ్లు, అదే సబబు. 18వ శతాబ్దంలో ఎవరో తిరగేశారు, అదే నిలిచింది. మన తలకిందులు మాత్రం నిక్కచ్చిగా ఉంది, తల కిందే. ఇప్పుడు ఆ ఇంగ్లిష్ మాటను ఎక్కువగా ప్రేమలో పడ్డవాళ్లకు వాడుతున్నారు. ఎనిమిదో తరగతిలో నేను ఈ అర్థం చెప్పను, వాళ్లకు ముందే తెలుసు.

టీషర్టు లోపలి చీటీ మీద 'డు నాట్ టంబుల్ డ్రై' అని ఉంటుంది. బట్టల్ని వేడిగాలిలో గుండ్రని డబ్బాలో దొర్లించి ఆరబెట్టే మిషన్‌లో వేయొద్దని. మే నెలలో మిద్దె మీద తీగ ఉన్నవాళ్లకు ఆ చీటీతో పని లేదు.

చివరగా మీకొక ఇంటిపని. రేపు పొద్దున వాకింగ్‌కు బయలుదేరేముందు 'వాక్' అనే మాట తీసి చూడండి. పాత ఇంగ్లిష్‌లో వెయల్కాన్ అంటే నడవడం కాదు. అలలు దొర్లినట్టు దొర్లడం, ఎగిరెగిరి పడటం. ఉన్ని బట్టను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కి దిట్టం చేసేవాళ్లను వాకర్లు అనేవాళ్లు, కొందరి ఇంటిపేరుగా అది ఇప్పటికీ ఉంది. ఆ దొర్లుడు ఎప్పుడో లేచి నిలబడి నడక అయింది. మా వీధిలో ఏడాది నిండని పసివాడొకడు ఉన్నాడు. మొన్నటిదాకా బండల మీద దొర్లుతుండేవాడు, నిన్న గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు.